కొలువుకూటంలో నల్ల గీతలు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. చెప్పులు గుమ్మం బయటే విప్పారుగా? ఎందుకడిగానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మల్లెగిరి రాజు మహీపాలుడుగారు కొత్తగా కొలువుకూటం కట్టించారు. తెల్లటి గచ్చు నేల, అద్దంలా మెరిసేది. మంత్రులు కరువు గురించి చెబుతుంటే రాజుగారు నేలలో తన మీసం చూసుకుని మురిసిపోయేవారు. రాజులకు బోలెడు పనులుంటాయి మరి.

ఒకరోజు ఆ మీసానికి అడ్డంగా నల్ల గీత కనబడింది. తీరా చూస్తే కూటమంతా గీతలే.

నేల తుడిచే పైడమ్మను పిలిపించారు.

"రేపు సభ ముగిశాక ఒక్క గీత మిగిలినా నీకిక్కడ పని లేదు" అన్నారు రాజుగారు.

ఆ గీతలెక్కడివో పైడమ్మకు తెలుసు. సభలో అందరికీ తెలుసు. కొలువులో చెప్పులతో తిరిగే గౌరవం ఒక్క ఆస్థాన పండితుడు దండిభొట్ల అవధానిగారికే ఉంది. ఆయన తన కిర్రు చెప్పులకు అడుగు భాగంతో సహా మసీ మైనమూ పట్టించి, నిగనిగలాడించుకుని వస్తారు. ఆ గౌరవం ఇచ్చింది రాజుగారే. రాజుగారిచ్చిన గౌరవమే రాజుగారి నేల పాడుచేస్తోందని చెప్పే నోరేదీ?

అవధానిగారు గొంతు సవరించుకున్నారు.

"ప్రభూ, ఇవి శనిదేవుడి అడుగులు. నలభై రోజులు హోమం చెయ్యాలి. నలభై కుండల నెయ్యి మా ఇంటికి పంపించండి. అన్నట్టు, ఈ పైడమ్మ జాతకం కూడా బాగాలేదు."

తనకొక జాతకం ఉందని పైడమ్మకు అప్పుడే తెలిసింది.

"అయ్యగారూ, శనిదేవుడికి నువ్వులనూనె ఇష్టమంటారు, నిజమేనా?" అనడిగింది.

"మహా ఇష్టం. ఆ మాత్రం నీకూ తెలిసిందే."

"అయితే ఆయన అడుగుల మీద రెండు చుక్కలు పొయ్యొచ్చా?"

"పొయ్యి. నేను చెప్పానని చెప్పి మరీ పొయ్యి."

మర్నాడు అవధానిగారికి ఎందుకో కాళ్లు నిలవలేదు. సభ జరిగినంతసేపూ కూటమంతా తిరుగుతూనే ఉన్నారు. ముగిసేసరికి నిన్నటికి రెట్టింపు గీతలు.

అందరూ చూస్తుండగా పైడమ్మ గీతల మీద నువ్వులనూనె చుక్కలు వేసింది. కాసేపు నాననిచ్చింది. కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దింది. జిడ్డు మిగిలితే పండితులెవరైనా జారిపడతారని కుంకుడు నురగతో కడిగి, పొడిగుడ్డతో ఒత్తింది. ఒక్క గీత లేదు. రాజుగారి మీసం మీసంలా కనబడింది.

"అదంతా నేను మనసులో చదివిన మంత్రం ప్రభావం" అన్నారు అవధానిగారు. "అయినా శని రేపు మళ్లీ వస్తాడు. హోమం తప్పదు."

రాజుగారు పైడమ్మ వైపు తిరిగారు. "నిజంగా వస్తాడా?"

"రోజూ వస్తాడు దొరా."

"నువ్వు కళ్లారా చూశావా?"

"చూడ్డమెందుకు దొరా, కిర్రు కిర్రుమని వినబడతాడుగా."

సభంతా చెవులు రిక్కించింది. అవధానిగారు ఇబ్బందిగా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి ఒరిగారు.

కిర్రుమంది.

నేలలో ముందు రాజుగారి మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. ఆపైన సభంతా పడీపడీ నవ్వింది.

"రేపటి నుంచి శనిదేవుడు కూడా చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ. "ఆ నలభై కుండల నెయ్యి పైడమ్మ ఇంటికి పంపించండి. జాతకం బాగుపడుతుంది."

ఇక లేవండి. ఇళ్లకెళ్లి అన్నం తినండి, మీకూ ఓ చుక్క నెయ్యి వెయ్యమనండి. ఒరే, ఆ మూల కిర్రుమన్నదెవరి చెప్పులు?