తూర్పు బురుజు గంట

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తెలియని విషయమంటూ లేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతుండేవారు.

ఆయన పేరు జయకేసరి. దానం చేయడంలో చెయ్యి పెద్దది, ఆ దానం మీద పేరు చెక్కించుకోవడంలో ఇంకా పెద్దది. గుడికి దీపస్తంభం ఇచ్చినా, సత్రానికి గంగాళం ఇచ్చినా బిరుదులన్నీ దాని మీద పడాల్సిందే. నూతి దగ్గర నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు చేద మీద కూడా రాజుగారినే చూసేవారు.

ఆయన కట్టించినవాటిలోకెల్లా గొప్పది విద్యాపీఠం. దాని నడిమధ్య గ్రంథభాండారం. లోపల అడుగు పెడితే చాలు, ఎంత గట్టి గొంతయినా తగ్గిపోతుంది. నేల నుంచి కప్పు దాకా తాళపత్రాలు, గుడ్డల్లో చుట్టి, నిమ్మగడ్డి నూనె వాసనతో. ఎప్పుడో గతించిన మనుషులు, వాళ్ళ ఊళ్ళ పేర్లు కూడా గతించిన మనుషులు, వరసగా కూర్చుని ఎవరైనా వచ్చి పలకరిస్తారేమోనని చూస్తున్నట్టు ఉంటుంది.

పలకరించేవాళ్ళే లేరు. పీఠాధిపతి విశ్వంభర శాస్త్రిగారు పెట్టిన పద్ధతి అలాంటిది. గురువు చెబుతాడు, శిష్యుడు వల్లె వేస్తాడు. "ఈ మాట ఎక్కడుంది?" అని అడిగితే గురుద్రోహం.

ఒకనాడు శాస్త్రిగారు ఒక విద్యార్థిని రెక్క పట్టుకుని నిండుసభలోకి లాక్కొచ్చారు. వాడి పేరు కొమ్మన. వైద్యం చదువుతున్నాడు.

"ప్రభూ, వీడు నన్ను సాక్ష్యం అడిగాడు" అన్నారు శాస్త్రిగారు, ఇల్లు తగలబెట్టాడన్నంత బాధగా.

"ఏమడిగావురా?" అన్నారు రాజుగారు.

కొమ్మన తల ఎత్తలేదు. "కొండతీగ పసరు పాము విషానికి విరుగుడని గురువుగారు చెప్పారు ప్రభూ. నేను ఇంటికి వెళ్ళినప్పుడు మా అన్నను పాము కరిచింది. వైద్యుడి కోసం పరుగెత్తబోయిన వదినను నేనే ఆపాను. నాకు తెలుసన్నాను. నా చేత్తోనే పసరు తాగించాను. అన్న దక్కలేదు. ఆ మాట ఏ గ్రంథంలో ఉందో చూపించమని అడిగాను. అంతే."



"వాడి అన్నకు నూకలు చెల్లాయి. అందుకు నా పాఠానిదా తప్పు?" అన్నారు శాస్త్రిగారు. "ఇవాళ పసరు సంగతి ఎక్కడిదంటాడు. రేపు ఈ పీఠం ఎక్కడిదంటాడు. ఎల్లుండి ప్రభువుల వంశం ఎక్కడిదంటాడు."

చివరి మాట తగలాల్సిన చోట తగిలింది. "వెళ్ళగొట్టండి" అన్నారు రాజుగారు. "ఈ రాజ్యంలో ఏ గురువూ వీడికి ఒక్క అక్షరం చెప్పకూడదు."

అప్పుడు లేచింది గంగసాని. ఆస్థానంలో వాదాలకు కూర్చునే విదుషి ఆమె. వయసు చిన్నది, నాలుక పదునైనది. ఆమెతో వాదం ఉందంటే పెద్ద పెద్ద పండితులు కూడా ఇంట్లో అప్పగింతలు పెట్టి మరీ వచ్చేవారు.

"శిక్ష ఎక్కడికీ పారిపోదు ప్రభూ. తమ పుట్టినరోజు దాకా ఆపండి. ఆ రోజు ఇదే సభలో, కొమ్మన అడిగిన ప్రశ్న తమరే అడుగుతారు. అడగకపోతే వాడితో పాటు నేనూ పొలిమేర దాటుతాను."

రాజుగారు మీసం సవరించుకున్నారు. "అడగడానికి నాకు తెలియనిదేముంది? సరే, మూట సర్దుకుని ఉండు."

మర్నాడు పూలమ్మే పోలమ్మ దగ్గర మల్లెలు కొంటూ గంగసాని ఒక మాట వేసింది. "పోలమ్మత్తా, విన్నావా? రాజుగారు పుట్టిన ఘడియలో కోట తూర్పు బురుజు మీద గంట ఎవరూ కొట్టకుండానే మోగిందట."

పోలమ్మ బుగ్గన వేలేసుకుంది. "అంతటి జాతకమమ్మా ఆయనది" అంటూ బుట్ట నెత్తికెత్తుకుంది.

ఎవరు చెప్పారని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఆ బుట్ట దగ్గరే ఆగిపోయేది.

ఆగలేదు. సంతకు చేరేసరికి ఆ మోతకు ఎండిన బావుల్లో నీళ్ళూరాయి. సైనికుల విడిదికి చేరేసరికి పొరుగురాజు మంచం మీంచి కిందపడ్డాడు. ఇక విద్యాపీఠంలో అయితే పిల్లలు దాన్ని వల్లె వేయడమే మొదలుపెట్టారు.

పుట్టినరోజు సభలో శాస్త్రిగారు శాలువా సర్దుకుని, గంట మోగిన వైనం మీద శ్లోకం చదివారు. రాజుగారి కళ్ళు చెమర్చాయి.

"నిజం" అన్నారాయన. "మా అమ్మగారు చెబుతుండేవారు. ఆ నాదం నాకే లీలగా గుర్తు."

సభంతా చేతులు జోడించింది. అందరికంటే ముందు గంగసాని జోడించింది. "పుట్టిన ఘడియ కూడా గుర్తున్న ప్రభువు దొరకడం మా అదృష్టం. ఇంత గొప్ప సంగతి, శాసనంలో చెక్కించకపోతే ఎలా?"

"చెక్కిద్దాం" అన్నారు రాజుగారు ఉత్సాహంగా. "శాస్త్రిగారూ, ఈ మాట ఎక్కడుంది? ఏ గ్రంథం?"

గంగసాని కొమ్మన వైపు తిరిగింది. "విన్నావా? నీ ప్రశ్న ఎంత ఎత్తుకు ఎదిగిందో."

రాజుగారు నాలుక కరుచుకున్నారు. కానీ అడిగేశారు. అడిగింది రాజు కనుక శాస్త్రిగారు చెప్పక తప్పలేదు.

"అంటే... పెద్దలు చెప్పారు."

"ఏ పెద్దలు?"

"మా ఇంట్లో అనుకుంటుంటే విన్నాను ప్రభూ."

ఆడవాళ్ళ వైపు నుంచి శాస్త్రిగారి భార్య సూరమ్మగారు లేచారు. "నాకు పోలమ్మ చెప్పిందండీ. ఒక్కసారే మోగిందంది. రాజుగారి గంట ఒక్కసారి మోగితే ఏం బాగుంటుందని మూడుసార్లని నేనే అన్నాను."

పోలమ్మను పిలిపించారు. "నాకు ఈ గంగసానమ్మే చెప్పింది. ఏదైనా తేడా వస్తే ఆ తల్లినే అడగండి."

"నీకెవరు చెప్పారు?" అని గర్జించారు రాజుగారు.

"ఎవరూ చెప్పలేదు ప్రభూ. పోలమ్మ మాల కట్టేలోపు నేను కథ కట్టాను. నాదే ముందు పూర్తయింది."

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "నాకు గుర్తుందన్నానా లేదా? నువ్వు అల్లినంత మాత్రాన అది అబద్ధమైపోతుందా?"

"కాదు ప్రభూ. నేనన్నంత మాత్రాన అబద్ధమూ కాదు, శాస్త్రిగారన్నంత మాత్రాన నిజమూ కాదు. గంట పైనే ఉంది. దాన్నే అడుగుదాం రండి."

బురుజు మెట్లు ఎక్కుతుంటే రాజుగారికి ఆయాసం, శాస్త్రిగారికి విసుగు. పైన పావురాలు లేచిపోయాయి. చిలుము పట్టిన పెద్ద కంచుగంట. శాస్త్రిగారు ఉత్తరీయంతో రుద్దితే అక్షరాలు తేలాయి. శ్లోకం.

చదువుతూ చదువుతూ శాస్త్రిగారు తల ఊపారు. "ఆహా, ఏం ధార. పూర్వకవులు పూర్వకవులే. ఇప్పుడెవరున్నారు ఇలా రాసేవాళ్ళు?"

"కింది వరస కూడా చదవండి" అంది గంగసాని.

కింది వరసలో, జయకేసరి మహారాజు పట్టాభిషేకమైన పిమ్మట, తూర్పుసీమ గెలిచిన గుర్తుగా ఈ గంట పోయించి ఇచ్చాడని ఉంది. ఆ కింద, శ్లోకం రచించినది విశ్వంభర శాస్త్రి అని ఉంది.

శాస్త్రిగారి ఉత్తరీయం చేతిలోనే ఉండిపోయింది.

రాజుగారు తన పేరు మీద అరచెయ్యి ఆనించారు. గాలికి గంట లోలోపల సన్నగా మూలుగుతోంది.

"ఇది నేనిచ్చిందేనా?" అన్నారు. "మరి నాకు గుర్తున్న మోత ఎక్కడిది?"

గంగసాని మెల్లగా అంది. "పొగడ్త అయితే మనసు జ్ఞాపకాన్ని కూడా పోతపోసి ఇస్తుంది ప్రభూ."

"అయితే నాకు తెలుసనుకున్నవాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో." ఆయన కొమ్మన వైపు చూశారు. "పదరా, నీ పసరు సంగతి చూద్దాం."

తాను కట్టించిన భాండారంలోకి రాజుగారు అడుగు పెట్టడం అదే మొదలు. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచారు. తల వెనక్కి వంచి, కప్పు దాకా చూశారు.

"ఇవన్నీ నావనుకున్నాను" అన్నారు, గుసగుసగా.

శాస్త్రిగారు తన గురువు రాసిన వ్యాఖ్యానం తీశారు. అందులో పసరు పాము విషానికే ఉంది, పాతవాళ్ళ మాటంటూ. ఆ పాతవాళ్ళ వ్యాఖ్యానం వెతికి విప్పారు. పొట్ట పాము కరిచినట్టుగా ఉబ్బిన ఎద్దుకు ఈ పసరు పట్టమని ఉంది. అది దేనికి వ్యాఖ్యానమో ఆ మూలగ్రంథం అడుగు అరలో దొరికింది. కొమ్మన ఆకులు తిప్పి చదివాడు. అది పశువైద్యం. అందులో ఎద్దు ఉంది, ఎద్దు పొట్ట ఉంది. పాము ఊసే లేదు.

చేతులు మారేకొద్దీ ఎద్దు జారిపోయింది, పోలికకు వచ్చిన పాము మిగిలిపోయింది.

శాస్త్రిగారు నేల మీద కూర్చున్నారు. "కొమ్మనా, మా గురువును నేను అడగలేదురా."

"నేనూ అడగలేదు గురువుగారూ, అన్నకు తాగించేముందు" అన్నాడు కొమ్మన. వాడి చెయ్యి ఆ పాత ఆకు మీదే ఉంది. "అడిగాక తాగించాల్సింది."

గురువుగారు చేత్తో తడుముకుని వాడి పాదాల దగ్గరి ఆకుల కట్టను తన ఒళ్ళోకి తీసుకున్నారు. దాన్ని తిరిగి కట్టబోయారు. కొమ్మన కూర్చుని తాడు పట్టుకున్నాడు.

"వీడు ఇక్కడే చదువుతాడు" అన్నారు రాజుగారు. "గంగసానీ, నీకేం కావాలో కోరుకో."

"ఆ గంట కావాలి ప్రభూ. ఈ భాండారం గుమ్మానికి వేలాడదీయించండి. ఎవరైనా ఆధారం లేని మాట చెబితే విన్నవాళ్ళెవరైనా మోగించవచ్చు. మోగాక, చెప్పినవాళ్ళూ మోగించినవాళ్ళూ కలిసి లోపలికి వెళ్ళి వెతకాలి."

గంట దిగింది. కొత్త చోట కట్టిన రోజు ఊరంతా వచ్చింది. రాజుగారు గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ప్రజలారా, నా పన్నెండో ఏట నేను ఒంటిచేత్తో ఒక పులిని..."

ఖణేల్మంది గంట.

అందరూ గంట వైపు తిరిగారు. గంట తాడు విశ్వంభర శాస్త్రిగారి చేతిలో ఉంది. ఆయన తాడు వదల్లేదు.

"ప్రభూ" అన్నారు శాస్త్రిగారు, "ఎక్కడుంది?"

రాజుగారు ఆయన్ను చూశారు. గంటను చూశారు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత నగలన్నీ గలగలలాడేలా నవ్వారు.

"పులి కాదయ్యా, పిల్లి. అదీ దొరకలేదు."

మెడలోని ముత్యాల హారం తీసి గంగసాని చేతిలో పెట్టారు. రాజుగారి దానాల్లో ఆయన పేరు లేనిది అదొక్కటేనని అంటారు. ఎవరంటారని అడుగుతారా, అయితే పదండి, వెతుకుదాం.