తీతువు నోరు మూయించిన మేస్త్రి

ఇప్పలకోన అడవిలో ఏనుగులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, ముళ్లపందులు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవికంతా ఉన్నది ఒకటే వాగు. వానలు పడితే నీళ్లన్నీ ఆగకుండా కిందికి పోయేవి. ఎండలు ముదిరితే తాగడానికి చుక్క ఉండేది కాదు. అందుకని ఆ ఏడు వాగుకు అడ్డంగా కట్ట వెయ్యాలని జంతువులన్నీ తీర్మానించాయి. తొలకరి లోపు పని పూర్తి కావాలి.

బూచయ్య అనే ఎలుగుబంటిని మేస్త్రిగా పెట్టుకున్నాయి. దుంగలు లాగే పని గండ్రయ్య అనే అడవిదున్నది. కుందేళ్లు, ముళ్లపందులు ఆకు దొప్పల్లో మట్టి మోసేవి. వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య కాపురముండే తీతమ్మ అనే తీతువు పిట్టకి మాత్రం ఎవరూ ఏ పనీ చెప్పలేదు.

చెప్పకపోగా నోరు మూయించారు. తీతువు కూస్తే కీడు జరుగుతుందని ఆ అడవిలో గట్టి నమ్మకం. ఆ కూత చెవిన పడితే ఉన్నచోట నిలబడకూడదట, గబగబా కదిలిపోవాలట!

పని మొదలైన రోజే బూచయ్య దాన్ని పిలిచాడు. "చూడమ్మా, శుభమా అని కట్ట మొదలుపెట్టాం. పూర్తయ్యేదాకా నీ కూత వినపడకూడదు. వినపడిందా, ఈ ఒడ్డున నీకు చోటుండదు."

"సరే మేస్త్రీ" అంది తీతమ్మ. ఇంకేమంటుంది?

కట్ట మీద ఉన్నది ఒకటే దారి. దుంగలు పోయేదీ, మట్టి పోయేదీ అందులోనే. గండ్రయ్య దుంగని కట్ట చివరికి లాక్కెళ్లి, అక్కడ తిరగడానికి చోటు లేక, అలాగే వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. ఎంత గొప్ప దున్నకైనా తోక దగ్గర కళ్లుండవు కదా! ఆ తోక వెనకే కుందేళ్లు నెత్తిన దొప్పలు పెట్టుకుని, తలలు వంచుకుని వచ్చేవి.

తీతమ్మకి కుదురు లేకుండా పోయింది. ఈ రాయి మీంచి ఆ రాయి మీదికి, అక్కడినుంచి మళ్లీ ఇక్కడికి పరుగులు తీసేది. గండ్రయ్య గిట్ట వెనక్కి పడిన ప్రతిసారీ దాని చూపు కుందేళ్ల మీదికే పోయేది. ఆ కుందేళ్లలో నూకాలు ఉంది. పొద్దున్నే ఎదురుపడినా మొహం తిప్పుకోకుండా తీతమ్మని పలకరించేది ఆ అడవిలో నూకాలు ఒక్కతే.

మూడో రోజు ఒక ముళ్లపంది దొప్ప గండ్రయ్య గిట్ట కింద పడి పచ్చడైంది. ముళ్లపంది వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అందరూ పకపకా నవ్వారు. తీతమ్మకి నవ్వెలా వస్తుంది? తిన్నగా మేస్త్రి దగ్గరికి పోయింది.

"మేస్త్రీ, నడిచేవాళ్లకి కట్ట పక్కన వేరే దారి వేయించు. గండ్రయ్య మామ వెనక్కి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు చూసి చెప్పాలి."

"వేరే దారంటే రెండు రోజులు పోతాయి. మబ్బు పట్టింది కనపడటం లేదా?" అని విసుక్కున్నాడు బూచయ్య.

గండ్రయ్య బుసకొట్టాడు. "నేనొస్తుంటే నేల అదురుతుంది. తప్పుకోవడం చేతకానివాళ్లు పనికెందుకొచ్చినట్టు?"

మర్నాడు పొద్దున్నుంచీ ఒకటే ఈదురుగాలి. దుమ్ములో ఏదీ సరిగ్గా కనపడటం లేదు, గాలి హోరులో అడుగుల చప్పుడు వినపడటం లేదు. "కానివ్వండి, కానివ్వండి!" అని బూచయ్య తొందరపెడుతున్నాడు. గండ్రయ్య దుంగ దించి వెనక్కి బయల్దేరాడు. అతని వెనక వైపు నుంచి నూకాలు వస్తోంది. దొప్ప ఆకు కళ్ల మీదికి జారింది. ఆ దున్న ఆమెని చూడలేదు, ఆమె ఆ దున్నని చూడలేదు.

ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం ఉంది. తర్వాత ఆరు. తీతమ్మ గొంతు దాకా వచ్చిన కూతని మింగింది. కూస్తే తనకి చోటుండదు, కూయకపోతే నూకాలు ఉండదు. నాలుగడుగులైంది.

తీతమ్మ ఊపిరంతా కూడదీసుకుని కూసింది.

నూకాలు ఠక్కున ఆగి తలెత్తింది, దొప్ప పారేసి పక్కకి దూకింది. గండ్రయ్య మాత్రం ఆగలేదు. "అపశకునం!" అంటూ ఇంకా వేగంగా వెనక్కి నడిచాడు. అడుగు కట్ట అంచు దాటింది. కట్ట పక్కన మట్టి తీసిన గోతిలో ఢమాలున పడ్డాడు. వెనక కాలు విరిగింది.

అందరూ తీతమ్మ మీద పడ్డారు. "అది కూసింది, ఆయన పడ్డాడు! తరిమెయ్యండి దీన్ని!"

నూకాలు ముందుకొచ్చింది. "ఆయన పడింది కూసినందుకు కాదు, కూత విని ఆగనందుకు. ఆగినదాన్ని నేను బతికే ఉన్నాను, చూడండి" అంది.

బూచయ్య గోతిలోకి చూశాడు, నూకాలు వైపు చూశాడు. సిగ్గుతో అతని తల వంగిపోయింది. "పని ఆపండి. ముందు దారి వేద్దాం" అన్నాడు.

కట్ట పక్కనే నడిచేవాళ్లకి దారి వేశారు. రెండు దారులకీ మధ్య రాళ్లు పేర్చారు. కట్ట చివర దున్నలు తిరిగేటంత చోటు వెడల్పు చేశారు. రెండు దారులూ కలిసేచోట తీతమ్మని నిలబెట్టారు. అది కూస్తే ఎంతటివాడైనా ఆగాలి, కూత ఆపాకే కదలాలి. రెండు రోజులు పోయిన మాట నిజమే. కానీ ఒకరికొకరు అడ్డం లేకపోయేసరికి పని జోరందుకుంది. తొలి చినుకు పడేనాటికి కట్ట లేచి నిలబడింది. వాగు నిండింది.

వాన వెలిశాక ఏనుగులు కట్టకి చివరి రాళ్లు మోస్తున్నాయి. గండ్రయ్య నీళ్లు తాగడానికి కుంటుకుంటూ వచ్చాడు. బరువుల దారిలో ఇప్పుడు అతనికి పని లేదు. కుందేళ్లతో పాటు నడక దారిలోనే, తల వంచుకుని రావాల్సి వచ్చింది. దారులు కలిసేచోట అడుగు వెయ్యబోతుంటే తీతమ్మ కూసింది.

గండ్రయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగిపోయాడు. కట్ట చివర రాయి దించి, అక్కడి చోటు తనకి తిరగడానికి చాలక, ఒక ఏనుగు వెనక్కి నడుస్తూ అతని ముక్కుకి జానెడు దూరంలో సాగిపోయింది. దానికి గండ్రయ్య ఉన్నట్టే తెలియదు.

కూత ఆగింది. అయినా గండ్రయ్య కదల్లేదు.

"వెళ్లు మామా, దారి ఖాళీ అయింది" అంది తీతమ్మ.

"ఇంకోసారి చూసి చెప్పు తల్లీ" అన్నాడు గండ్రయ్య.

నీతి: బరువుల దారి వేరు, నడిచేవాళ్ల దారి వేరు ఉండాలి, తన వెనక ఏముందో చూడలేనివాడు, చూసి చెప్పేవాళ్ల మాట విని ఆగాలి.