రాజుగారి బొమ్మ, చేపల భక్తి

గజకేతు మహారాజు గాజుతొట్టెలో చేపలు పెంచాడు. తొట్టె వెనక ఏ బొమ్మ పెడితే బాగుంటుందని సభలో మూడు రోజులు చర్చ జరిగింది. తామరలన్నారు, కొండలన్నారు. చివరికి రాజుగారి ముఖాన్ని మించిన అందం లోకంలో లేదని పండితులు తేల్చేశారు.

బొమ్మ పెట్టారు. చేపలు మాత్రం దానికి తోకలు చూపిస్తూ తిరిగాయి.

"రేపటికల్లా ఇవి నా వైపు చూడాలి. లేకపోతే నీకు కొరడా దెబ్బలే!" అని చేపల్ని సాకే నూకాలును రాజు గద్దించాడు.

మర్నాడు చేపలన్నీ బొమ్మ మూతి దగ్గరే మూగాయి. రాజు పొంగిపోయాడు. "ఇంత భక్తి ఎలా నేర్పావే?"

"మీ సభను చూసే నేర్చుకున్నాను మారాజా. బొమ్మకెదురుగా గాజుకు లోపలివైపు తవుడు ముద్ద అంటించాను."

సభలో ఒక్కరూ నోరు మెదపలేదు. అందరి నోళ్ళలోనూ రాజుగారిచ్చిన తాంబూలమే ఉంది.