గూటమ్మ కొండ మీద మేనత్త ముద్ద

నల్లమల అడవిలోని గూటమ్మ కొండకు మొదటిసారి వచ్చిన భక్తులు అమ్మవారెక్కడని వెతుక్కుంటారు. ఇక్కడ విగ్రహం లేదు, గంట లేదు. వేగిస చెట్టు కింద పసుపు పూసిన వెడల్పాటి బండే అమ్మవారు. గంట పని పిట్టలు చూసుకుంటాయి. తుప్పురంగు ఒళ్ళు, నల్లని తల, ఒంటికన్నా పొడవైన తోక గల ఈ పిట్ట కాకికి చుట్టం. నోరు కూడా ఆ చుట్టరికానికి తగ్గదే. ఈ కొండన దీన్ని అత్తపిట్ట అంటారు. పళ్ళెంలోని కొబ్బరిముక్కను తన్నుకుపోయినా ఎవరూ చేయి విసరరు. అలా ఎందుకు విసరరో తెలియాలంటే కోనమ్మ కథ తెలియాలి.

పూర్వం ఇక్కడ ఎండాకాలమంతా గొల్లల మందలు విడిసేవి. ఆ మందల్లో ఈరన్న అనే కాపరికి కోనమ్మ అక్క. పిల్లలు పుట్టలేదని అత్తవారు ఆమెను పుట్టింటికి పంపేశారు. ఈరన్న భార్య తిమ్మక్క లేకలేక ఒక ఆడపిల్లను కన్నది. పురుటినాడే పెద్దదిక్కయిన నాగులవ్వ కట్టడి చేసింది. గొడ్రాలి చేయి పసిదాని మీద పడరాదు, నీడ ఉయ్యాల మీద పడరాదు. కోనమ్మ పొద్దున్నే ఆవులను తోలుకుని కొండెక్కేది. ఉయ్యాలపాట వినపడని చోటు చూసుకుని కూర్చునేది. మేనకోడలి ముఖాన్ని ఆమె దూరం నుంచే తప్ప చూసి ఎరగదు.

ఆ కూర్చునే చోట వేగిస చెట్టు మీద ఈ పిట్టలదే ముళ్ళపుల్లల గూడు ఒకటి ఉండేది. అందులో అప్పుడే కళ్ళు తెరిచిన పిల్లలు. తల్లిపిట్టా తండ్రిపిట్టా మేత తెచ్చి పెడుతుంటే కోనమ్మ కడుపు నిండినట్టుండేది. అయితే ఆ గూటికి అదే జాతి పిట్టలు మరికొన్ని కూడా రావడం మొదలుపెట్టాయి. కాకి జాతి ఇతర గూళ్ళను దోచుకుంటుందని అడవిలో తిరిగేవారికి తెలిసిందే. కోనమ్మ రాళ్ళు రువ్వి వాటిని తరిమింది. పరాయి గూటితో మీకేం పని అని తిట్టింది కూడా. ఆ మాట తాను ఎవరి నోట విన్నదో అప్పుడామెకు తోచలేదు.

ఇంతలో తండ్రిపిట్టను డేగ తన్నుకుపోయింది. తల్లి ఒక్కతే ఎంతని తిరుగుతుంది? గూట్లో అరుపులు సన్నగిల్లాయి. అప్పుడు కోనమ్మ చూసింది. తాను తరిమిన పిట్టల్లో ఒకటి దూరపు కొమ్మ మీద కూర్చుని ఉంది. దాని ముక్కున పచ్చని పురుగు ఉంది. మింగదు, ముందుకు రాదు. తినడానికి వచ్చినది నోట మేత పట్టుకుని రాదు కదా! అవి ముందటేడు అదే గూట్లో పెరిగి, ఇంకా జతకట్టక, తల్లికి తోడుగా నిలిచిన పిట్టలని ఆమెకు తెలిసివచ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ జాతిలో కనని కాకికీ ముద్దే.

కోనమ్మ ఆ బండ మీద పడి గుండెలవిసేలా ఏడ్చి, అలాగే నిద్రపోయింది. కలలో తుప్పురంగు చీర కట్టిన తల్లి కనిపించి, తరిమిన చేత్తోనే పిలవమని ఆజ్ఞాపించింది. లేచి మేడిపళ్ళు ఏరి బండ మీద పోసి, దూరంగా చేతులు ముడుచుకుని కూర్చుంది. పిట్టలు చాలాసేపు నమ్మలేదు. చివరికి ఒకటి దిగింది, దాని వెనుక మిగతావీ దిగాయి. సాయంత్రానికి గూట్లో మళ్ళీ గోల మొదలైంది.

కోనమ్మ దిగి వచ్చేసరికి మందలో గోల లేదు. తిమ్మక్క కొన్నాళ్ళుగా జ్వరంతో మంచాన ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా పాలు ఎండిపోయాయి. ఆరు నెలల పాప ఎవరు ఏం పెట్టినా ఉమ్మేస్తూ, ఏడ్చే ఓపిక కూడా లేక పడి ఉంది. కోనమ్మ చేతులు కడుక్కుని గుడిసె వాకిట నిలబడింది.

"ఆడ్నే నిలబడు కోనీ! ఆ చెయ్యి తగిల్తే ఉండే పానం గూడ పోతాది" అంది నాగులవ్వ.

"అవ్వా, మేత తెచ్చే పిట్టల్ని ఈ చేత్తోనే తరిమినా. గూట్లో పిల్లలు సావబోయినాయి. ఇప్పుడు నువ్వు చేసేదీ అదే."

నాగులవ్వ నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి తిమ్మక్క గొంతు వినిపించింది. "వదినా, లోపలికి రా. అది నీకు బిడ్డ కాదా?"

కోనమ్మ పాపను ఒళ్ళోకి తీసుకుంది. రాగిసంగటిని పాలలో మెత్తగా పిసికి వేలికొసతో నోట పెట్టింది. పాప ఉమ్మేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఉమ్మేసింది. కోనమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా పెడుతూనే ఉంది. ఎప్పటికో ఆ చిన్ని గొంతు కదిలింది. అమ్మవారి మహిమ అంటారు కొందరు. మేనత్త ఓపిక అంటారు మరికొందరు. ఈ కొండన ఆ రెండూ వేరని ఎవరూ అనుకోరు.

తిమ్మక్క లేచి తిరిగాక అందరూ పాపను ఈ బండ వద్దకు తెచ్చి అన్నప్రాశన చేశారు. గిన్నె పట్టుకుని ముందు నడిచినది నాగులవ్వ. ఆమె తల ఎత్తకుండా వచ్చి గిన్నెను కోనమ్మ చేతిలో పెట్టింది. "నా చేత్తో ఇస్తాండా, తీసుకో తల్లీ" అన్నదట.

నేటికీ అత్తపిట్ట పిల్లలు గూడు విడిచే రోజుల్లో ఇక్కడ అన్నప్రాశనలు జరుగుతాయి. మొదటి పిడికెడు బండ మీద పిట్టలకు, తొలి ముద్ద మేనత్త చేత బిడ్డకు. పిల్లలు లేని మేనత్తకు వరుసలో అందరికన్నా ముందు చోటు. మేనకోడలూ మేనల్లుడూ లేని ఆడవారు కూడా గిన్నెతో వచ్చి బండ పక్కన కూర్చోవచ్చు. వారు అడగనక్కరలేదు, ఎవరో ఒకరు తమ బిడ్డను తెచ్చి వారి ఒళ్ళో పెడతారు. ఆ ముద్ద తిన్న బిడ్డకు అన్నానికి లోటుండదని, పెట్టిన చేతికి ఒంటరితనం ఉండదని పెద్దల నమ్మకం. కొండ ఎక్కే భక్తులు ఒక్క నియమం మరువరాదు. గొడ్రాలు అనే మాట ఇక్కడ పలకరు. అలాంటి ఆడమనిషిని పిలవాల్సి వస్తే, చిన్నా పెద్దా అందరూ అత్తా అనే పిలుస్తారు.