రిబ్బన్ కట్టిన బండి

కొత్త ఫైరింజన్ వచ్చిన రోజు నుంచీ ఓబులేసుకు కంటి మీద కునుకు లేదు.

ఆ చిన్న ఊరి ఫైర్ స్టేషన్‌కు ఆఫీసరు అతనే. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన బండి అది. ఎర్రగా మెరుస్తూ, నెత్తిన నిచ్చెనతో, ట్యాంకు నిండా నీళ్లతో షెడ్డులో నిలబడి ఉంది. పాత బండిని ఇక పనికిరాదని లాక్కుపోయారు. కొత్తదాన్నేమో మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించేదాకా కదపకూడదని జిల్లా ఆఫీసరు హుకుం. మంత్రిగారు ఇదిగో అదిగో అంటూ అప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు.

బయట ఎండలు మండిపోతున్నాయి. ఊరి చుట్టూ గడ్డివాములు, బోదగడ్డి కప్పిన కొట్టాలు. పైగా వడగాలి. ఫోన్ మోగితే చాలు, ఓబులేసు ఉలిక్కిపడేవాడు. తీరా ఎత్తితే, మంత్రిగారు ఎప్పుడొస్తారని అడిగేవాళ్లే. హమ్మయ్య అనుకుని, మళ్లీ ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చునేవాడు.

చివరికి ఉండబట్టలేక దర్గాకు పరిగెత్తాడు. అక్కడుండే మౌలా బాబా అతనికి గురువు. ఉద్యోగం రాకముందు నుంచీ ఏ కష్టమొచ్చినా ఆయన దగ్గరికే వెళ్లేవాడు.

“బాబా, ఆ మంత్రి వచ్చేదాకా మా ఊర్లో యాడా నిప్పంటుకోకుండా దువా చెయ్యండి.”

బాబా నవ్వలేదు. “పా, బండిని చూద్దాం,” అన్నాడు. భుజం మీద బొంత వేసుకుని, సాంబ్రాణి పొగ వేసే ఇనప గిన్నె ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని వెంట నడిచాడు.

ఆ బొంత సంగతి ఊరందరికీ తెలుసు. బాబాకు ఆయన గురువు పోతూ పోతూ కప్పి వెళ్లింది. ఆయన ఆస్తంతా అదే.

స్టేషన్ పెళ్లివారిల్లులా ఉంది. షెడ్డు ముందు షామియానా, బండికి అడ్డంగా పట్టు రిబ్బన్. కొత్త గొట్టాలూ గొడ్డళ్లూ హెల్మెట్లూ అతిథులు చూడాలని తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద పేర్చారు. గొట్టాలకు బంతిపూల దండలు కూడా చుట్టారు. ఇసుక బకెట్లకు కొత్త రంగు వెయ్యాలని ఉన్న ఇసుకంతా పారబోశారు. ముచ్చటకేమీ తక్కువ చెయ్యలేదు.

బాబా బండికి పొగ వేస్తాడనుకుని డ్రైవర్ నాగన్న చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు.

బాబా బండి దాకా వెళ్లలేదు. షామియానాకు ఇవతల, ఆరుబయట బొంత పరిచాడు. గిన్నెలోని నిప్పులన్నీ దాని మీద కుమ్మరించాడు.

పొగ లేచింది. గాలికి నిప్పు రాజుకుంది.

“బాబా! ఏం పని ఇది!” ఓబులేసు కెవ్వుమన్నాడు.

“మంత్రికి ఫోన్ చెయ్యి నాయనా,” అన్నాడు బాబా తాపీగా. “వచ్చేదాకా ఈడే కూచుంటా.”

ఓబులేసు ఇసుక బకెట్ అందుకున్నాడు. ఖాళీ. కాలితో తొక్కి ఆర్పుదామంటే గురువుగారి బొంత, కాలు ఆడలేదు. చేత్తో లాగబోతే బాబా కర్ర అడ్డం పెట్టాడు. బండి వైపు ఉరికాడు. రిబ్బన్ ఛాతీకి తగిలింది. అక్కడ ఆగిపోయాడు.

“సార్, అది తెగితే మన ఉద్యోగాలు ఉండవు సార్!” నాగన్న కేకేశాడు.

ఓబులేసు వెనక్కి చూశాడు. బొంత నడుమ మంట లేస్తోంది. ముందు రిబ్బన్. జిల్లా ఆఫీసరు మొహం కళ్ల ముందు ఆడింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపుతోనే రిబ్బన్‌ను రెండు చేతులా పట్టి తెంపేశాడు.

“నాగన్నా, ఇంజన్ స్టార్ట్ చెయ్యి!”

పూలదండలు పీకి పారేసి, బల్ల మీది గొట్టం లాక్కొచ్చి బండికి బిగించాడు. నీళ్లు ఉరికాయి. బొంతతో పాటు షామియానా, తెల్లగుడ్డలు, బాబా గడ్డం అన్నీ తడిసి ముద్దయ్యాయి.

మంట ఆరాక ఓబులేసు బురదలో కూలబడి బొంతను ఎత్తి చూశాడు. నడిమధ్యన అరచెయ్యి దూరేంత చిల్లు పడింది.

“ఎంత పనైపాయ బాబా! నేను కుట్టిచ్చుకొస్తా, నాకియ్యండి.”

బాబా బొంతను తీసుకుని పిండి భుజాన వేసుకున్నాడు. ఆ చిల్లులోంచి చెయ్యి బయటికి పెట్టి చూపించాడు.

“కుట్టియ్యొద్దు నాయనా. నువ్వు రిబ్బన్ కాడ నిలబడిన సేపు ఎంతో, ఈ చిల్లు అంత.”

ఓబులేసు లేచి వెళ్లి షామియానా గుంజను పట్టుకుని పీకడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే నాగన్న రెండో గుంజ పట్టుకున్నాడు.

బండికి దారి పడింది. లోపల ఫోన్ మోగింది.