అవిసె చెట్టుకు తొలి తాంబూలం

అనగా అనగా, తమలపాకు తోటలకు పేరుపడ్డ ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణికుండలుడికి కత్తిసాము కంటే ఆకుతోటంటే ప్రాణం. అక్కడ తమలపాకు తీగలన్నీ అవిసె చెట్లను అల్లుకుని పెరిగేవి.

"తాంబూలం వేసుకున్నవాళ్లంతా ఆకునే మెచ్చుకుంటారు నాయనా. దాన్ని మోసిన అవిసెను ఎవరూ తలుచుకోరు," అనేది తల్లి. అందుకని అతను అవిసెకు దండం పెట్టిగానీ ఆకు కోసేవాడు కాదు.

"పొయ్యిలోకైనా పనికిరాని కర్రకు దండమా తమ్ముడూ?" అని అన్నలు నవ్వేవాళ్లు.

మణికుండలుడికీ పొరుగు రాజు కూతురు వకుళమాలకూ తాంబూలాలు మార్చుకున్న రోజునే, ధూమకేశుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పున్నమికి తానే పెళ్లాడతానని చాటి మరీ పోయాడు.

పెద్దన్న టేకు ఓడ కట్టించి వెళ్లాడు. మొదటి సముద్రంలో మునిగి, ఈదుకుంటూ వచ్చాడు. రెండో అన్న ఓడకు ఇనుప రేకులు కొట్టించి వెళ్లాడు. రెండో సముద్రంలో మునిగి, ఈదుకుంటూ వచ్చాడు. చిన్నవాడు అవిసెకు దండం పెట్టి, ఎండిన దుంగలతో తెప్ప కట్టాడు. బెండులాంటి కర్ర కదా, అల లేస్తే లేచింది, అల దిగితే దిగింది. అలా ఏడు సముద్రాలూ దాటించింది.

ఒడ్డున బక్కచిక్కిన మేక ఒకటి కనబడింది. కూరకని తెచ్చుకున్న అవిసె ఆకంతా దాని ముందు పోశాడు.

"తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే జాతి కాదు మాది. ఒక మాట చెబుతా బాబూ," అంది మేక. "మాంత్రికుడి తోటలో ఎర్ర అవిసె ఉంది. మొన్న వంగిన కొమ్మకున్న పువ్వును కొరకబోతే, ఆ పువ్వే నా ముక్కు కొరికింది."

మణికుండలుడు నవ్వబోయి ఆగాడు. ఎర్ర అవిసె మొగ్గ అచ్చం చిలక ముక్కులా ఉంటుంది. కొరికింది పువ్వు కాదు, పూలలో దాగిన చిలక అనీ, తీగ ప్రాణం అవిసె మీద ఉన్నట్టే మాంత్రికుడి ప్రాణమూ ఆ చెట్టు మీది చిలకలోనే ఉందనీ అతనికి తెలిసిపోయింది.

తోటలోకి వెళ్లి చెట్టుకు దండం పెట్టాడు. "తల్లీ, నా వకుళమాలను నాకిప్పించు," అని మొదలు పట్టుకుని ఊపాడు. పూలన్నీ జలజలా రాలాయి. ఒక్కటి మాత్రం కొమ్మ వదలకుండా కీచుమంది. గభాలున చిలకను పట్టి ముక్కు మూశాడు. ఆ కీచు విని పరుగెత్తుకొచ్చి మంత్రం చదవబోయిన ధూమకేశుడి నోరూ మూతపడింది. "ఊఁ ఊఁ" అంటూ చేతులు జోడించి, వకుళమాలను తెచ్చి అప్పగించాడు.

"ఇంతసేపా? తాంబూలం ఆకులు వాడిపోయాయి," అంది వకుళమాల కళ్లు తుడుచుకుంటూ.

"ఆకు వాడితేనేం, మోసిన చెట్టు పచ్చగానే ఉంది," అన్నాడతను.

అవిసె నారతో ముక్కు కట్టిన చిలకనూ, మాంత్రికుడినీ, మేకనూ వెంటబెట్టుకుని ఇద్దరూ ఇల్లు చేరారు. పెళ్లి ఘనంగా జరిగింది. మణికుండలుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. ధూమకేశుడు బతికినన్నాళ్లూ ఆకుతోటకు నీళ్లు మోశాడు.

పెళ్లినాడు తొలి తాంబూలాన్ని అన్నలిద్దరూ తీసుకెళ్లి అవిసె చెట్టు మొదట్లో పెట్టి, తల వంచి దండం పెట్టారు. తల ఎత్తేసరికి మేక దాన్ని నమిలేస్తోంది. ఎవరూ కసరలేదు. వాళ్ల తల్లి రాణిగారు నవ్వుతూ రెండో తాంబూలం తెచ్చి పెట్టింది.