రెండుసార్లు అడిగిన డ్రా

తాడిపత్రిలో చదరంగం నేర్పే కుళ్లాయప్ప మాస్టారుకు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా బల్ల మీద పావులు పేర్చి, "కూర్చో, ఒక ఆట ఆడదాం" అనేవారు. జవాబు ఆటలో దొరికినవాళ్లకు దొరికేది. దొరకనివాళ్లు మరుసటి వారం మళ్లీ వచ్చేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రమీజా ఆయన దగ్గరకు ఒక ప్రశ్నతో వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లుగా ఆయన దగ్గర ఆట నేర్చుకుంటున్న మనిషి. నాలుగు జిల్లాల ఆటగాళ్లు ఆన్‌లైన్లో ఆడే పోటీలో క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లి, ముందురోజు ఓడిపోయింది. గెలిచినవాడు 'గండికోట గుర్రం' అని మారుపేరు పెట్టుకున్నాడు. ముఖం తెలియదు, ఊరు తెలియదు.

"సార్, ఎదుటివాడు డ్రా అడిగితే, అది మర్యాదో మోసమో ఎట్ల తెలుస్తుంది?" అని అడిగింది.

"ఏం జరిగిందో చెప్పు."

చెప్పింది. ఆట సమంగా నడుస్తుండగా తన మంత్రి అతని బంటుకు చిక్కింది. అతను మంత్రిని కొట్టలేదు. డ్రా అడిగాడు. చేతికొచ్చిన ఆటను సగానికి వదులుకునేవాడు లోకంలో ఎవడుంటాడు? తనకు కనిపించని ప్రమాదమేదో అతనికి కనిపించి ఉండాలి, లేదా తన ఆలోచన చెడగొట్టాలని చూస్తూ ఉండాలి. కాదంది. అతను నిమిషం ఆగి మళ్లీ అడిగాడు. వెంటవెంటనే రెండుసార్లు డ్రా అడగకూడదని పోటీ నియమం. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. మళ్లీ కాదంది. అప్పుడు అతను మంత్రిని కొట్టాడు.

ఓటమి ఖాయమని తెలిసినా ఆమె ఒప్పుకోలేదు. ఫోన్ బోర్లించి, గడియారంలో మిగిలిన పదకొండు నిమిషాలూ కరిగిపోనిచ్చింది. కాచుకోనీ, అనుకుంది. ఆట ముగిశాక అతను "బాగా ఆడారు" అని రాశాడు. అది వెక్కిరింపులా తోచి, రెండుసార్లు డ్రా అడిగాడని నిర్వాహకులకు ఫిర్యాదు పెట్టింది. సాయంత్రం ఆరులోగా ఆమె ఫిర్యాదును ఖాయం చేస్తే అతణ్ని తప్పించి, సెమీఫైనల్లో ఆమెకు చోటిస్తామన్నారు.

ఒక్క సంగతి మాత్రం ఆమె మాస్టారుకు చెప్పలేదు. మంత్రి చిక్కింది పొరపాటు ఆలోచన వల్ల కాదు. ఫోన్ తెర మీద వేలు జారి, మంత్రి ఒక గడి పక్కన పడింది.

మాస్టారు పావులు పేర్చారు. ఆడారు. పద్దెనిమిదో ఎత్తుకు ఆయన మంత్రిని పైకెత్తారు. డెబ్బై దాటిన చెయ్యి కొంచెం వణికింది. మంత్రి అనుకున్న గడి దాకా వెళ్లకుండా, ఆమె బంటు ఎదుట పడింది.

"సార్, చెయ్యి జారినట్లుండాది. వెనక్కి తీసుకోండి."

"వదిలినాక వదిలినట్లే. నియమం నీకు తెలీదా?"

రమీజా బంటు మీద వేలు పెట్టబోయి ఆగింది. "అట్లయితే డ్రా చేసుకుందాం సార్. ఇట్ల గెలిచేది నాకొద్దు."

మాస్టారు కళ్లు చిన్నవి చేసి ఆమె వంక చూశారు. "నా మంత్రి నీ నోటికాడ ఉంటే డ్రా అడుగుతావేంటికి? ఏం దాచిపెట్టినావు?"

"దాచేదేముంది సార్?"

ఆయన నమ్మినట్టు కనిపించలేదు. బల్ల మీదికి వంగి ఒక్కో పావునూ పరీక్షించడం మొదలుపెట్టారు. ఆమె గుర్రాన్ని చూశారు, ఏనుగును చూశారు, మధ్యమధ్య ఆమె ముఖాన్నీ చూశారు. అయిదు నిమిషాలు గడిచాయి. రమీజాకు చెవులు వేడెక్కాయి. ఆరేళ్ల పరిచయంలో ఆయన తనను దొంగను చూసినట్టు చూడటం ఇదే మొదలు.

"సార్, నేను మంచికే అడుగుతున్నా. డ్రా అనుకుందాం."

"ఇది రెండోసారి," అన్నారు మాస్టారు.

 రమీజా ఆ బంటునూ, దాని ఎదుటి మంత్రినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా అంది: "నిన్న నా వేలు జారింది సార్. ఆ మాట మీకు చెప్పలేదు. అతను కనిపెట్టినాడేమో."



ఆమె ఫోన్ తీసి నిర్వాహకులకు రాసింది: 'నా వేలు జారి మంత్రి పోయింది. అతను డ్రా ఇవ్వజూశాడు, నేను నమ్మలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.' పంపే ముందు వేలు ఒకసారి ఆగింది. సెమీఫైనల్ దాకా వెళ్లడం ఆమెకు ఆరేళ్ల కోరిక. పైగా అతను మంచివాడేనని ఇప్పటికీ రుజువేమీ లేదు. అయినా పంపింది. కాసేపటికి 'సరే' అని జవాబు వచ్చింది. గండికోట గుర్రానికి కూడా రెండు మాటలు రాసింది. అటునుంచి ఏమీ రాలేదు.

మాస్టారు పావులు సర్దుతున్నారు. ఇప్పుడు ఆ చెయ్యి వణకడం లేదని రమీజాకు అనిపించింది. ఆయన నిన్నటి ఆటను ఆన్‌లైన్లో ముందే చూశారా? వేలు జారిన సంగతి తాను చెప్పకముందే తెలుసా? మనసు ఊరుకోలేదు.

"సార్, ఇందాక మీ చెయ్యి నిజంగానే జారిందా?"

మాస్టారు పెట్టె మూత వేసి లేచారు.

"నేనేం చెప్పినా, నమ్మే పని నీదే గదమ్మా."